కారు ఇంజిన్ ఆయిల్ తాగుతోందా? మా షెడ్డుకొచ్చి అడిగే ప్రశ్నలు, మేం చెప్పే జవాబులు

హన్మకొండలోని మా షెడ్డుకు "అన్నా, బండి ఆయిల్ తాగుతాంది" అంటూ వచ్చేవాళ్లలో సగం మంది అప్పటికే ఇంకెక్కడో చూపించుకుని ఉంటారు. "రింగులు పోయినయ్, హాఫ్ ఇంజిన్ చెయ్యాలె" (ఇంజిన్ విప్పి పిస్టన్ రింగులు మార్చే పెద్ద పని) అన్న మాట చెవిన పడి, నిద్ర పట్టక వస్తారు. వాళ్లను నేను మొదట అడిగేది ఒకటే: ఎన్ని కిలోమీటర్లకు ఎంత తగ్గింది? దానికి జవాబు చెప్పగలిగినవాళ్లు పదిమందిలో ఒక్కరు కూడా ఉండరు. కొలత లేకుండా ఇంజిన్ మీద పానా పెట్టొద్దని నేను గట్టిగా అంటాను. ఎందుకంటే ఆ తప్పు నేనే చేశాను. ఆ కథ కింద వస్తుంది.

మంచి ఇంజిన్ అసలు ఆయిల్ తాగదు కదా?

తాగుతుంది. పిస్టన్ ఆడాలంటే బోర్ (పిస్టన్ పైకీ కిందికీ ఆడే గొట్టం) గోడకు పల్చటి ఆయిల్ పొర అంటుకుని ఉండాలి. లేకపోతే రింగులూ బోరూ ఒకదాన్నొకటి తినేస్తాయి. ఆ పొరలో రవ్వంత పెట్రోల్‌తో పాటు కాలిపోతూనే ఉంటుంది. ఎంత కాలుతోందన్నదే అసలు సంగతి.

కొన్ని కంపెనీల ఓనర్ మాన్యువల్‌లో 1,000 కిలోమీటర్లకు అర లీటరు, కొన్నింట్లో లీటరు దాకా తాగినా మామూలే అని రాసి ఉంటుంది. వారంటీ గొడవలు రాకుండా గీసుకున్న గీత అది అని నా అనుమానం. మా షెడ్డు లెక్క వేరు. చిన్న పెట్రోల్ కారు ఒక సర్వీసు నుంచి ఇంకో సర్వీసుకు గేజ్ (ఆయిల్ ఎంతుందో చూసే పుల్ల) మీద సగం దిగితే పట్టించుకోం. 1,000 కిలోమీటర్లకు 200, 300 మిల్లీలీటర్లు పోతుంటే ఓ కన్నేసి ఉంచమంటాం. అర లీటరు దాటితే కారణం వెతుకుతాం.

గేజ్ ఎట్ల చూడాలె? పొద్దున ఒక తీరు, సాయంత్రం ఒక తీరు చూపిస్తాంది.

చూపిస్తుంది మరి. బండి నడిచినప్పుడు ఆయిల్ ఇంజిన్ పైభాగమైన హెడ్డులో, గోడల మీద, ఫిల్టర్‌లో ఉంటుంది. ఆపిన వెంటనే చూస్తే తక్కువగా కనిపిస్తుంది. చదునైన నేల మీద బండి పెట్టి, వేడెక్కిన ఇంజిన్ ఆపి పది నిమిషాలు ఆగండి. గేజ్ తీసి గుడ్డతో తుడిచి, మళ్లీ పూర్తిగా దించి తీసి చూడండి. ఇంటి ముందు ర్యాంపు మీద ముక్కు ఎత్తి నిలబెట్టిన బండికి గేజ్ చూసి కంగారుపడేవాళ్లు మా కాలనీలోనే ఉన్నారు. ప్రతిసారీ అదే జాగా, అదే పద్ధతి అయితే చాలు.

కొలవడం అంటే ఏం చెయ్యాలె?

ఆయిల్‌ను సరిగ్గా పై గీత దాకా పోయండి. కిలోమీటర్లు ఒక చిన్న నోటుబుక్కులో రాయండి. 1,000 తిరిగాక అదే జాగాలో గేజ్ చూసి, మళ్లీ పై గీతకు రావడానికి ఎంత పట్టిందో మిల్లీలీటర్ల గీతలున్న కప్పుతో కొలిచి పోయండి. పిల్లల మందు కప్పైనా సరే. చాలా కార్లలో కింది గీతకూ పై గీతకూ మధ్య తేడా దాదాపు లీటరు. 1,200 కిలోమీటర్లకు 400 మిల్లీలీటర్లు పట్టిందనుకోండి, 1,000కి 330 చిల్లర అన్నమాట. ఇట్లా రెండుసార్లు చేస్తే నిజం బయటపడుతుంది.

క్యాబ్ నడిపేవాళ్లకు ఇంకో మాట. ఏసీ వేసుకుని గంటలు గంటలు నిలబడే బండికి కిలోమీటర్ల లెక్క సరిపోదు. మేడారం జాతరకు పోయిన బండి పస్రా దాటాక ట్రాఫిక్‌లో నాలుగు గంటలు నిలబడితే మీటర్ మీద నాలుగు కిలోమీటర్లు కూడా పడవు, ఇంజిన్ మాత్రం నాలుగు గంటలు ఆడినట్టే. అలాంటి నెలను లెక్కలోంచి తీసెయ్యండి.

కింద మరకలేం లేవు. అంటే లీకేజీ లేనట్టే కదా?

అట్లా అనుకోవడానికి లేదు. కొన్ని చోట్ల ఇంజిన్ ఆడుతూ లోపల ప్రెషర్ ఉన్నప్పుడే కారుతుంది. ఆ చుక్క రోడ్డు మీద పడుతుంది, మీ పోర్టికోలో పడదు. ఒక లెక్క వేసి చూడండి. దాదాపు 20 చుక్కలైతే ఒక మిల్లీలీటరు. ప్రతి 50 మీటర్లకు ఒక్క చుక్క పడితే కిలోమీటరుకు ఒక మిల్లీలీటరు, అంటే 1,000 కిలోమీటర్లకు లీటరు! ఒక్క చుక్కేగా అని వదిలేసేది అంత పని చేస్తుంది.

మేం చేసేది పాత పద్ధతే. ఇంజిన్‌ను కడిగి, ఆరబెట్టి, అనుమానం ఉన్న చోట ముఖానికి రాసుకునే పౌడర్ చల్లుతాం. ఇరవై, ముప్పై కిలోమీటర్లు తిప్పి తెమ్మంటాం. పౌడర్ ఎక్కడ తడిసిందో అక్కడే తప్పు. ఎక్కువగా దొరికేది ట్యాపెట్ కవర్ (ఇంజిన్ పై మూత) ప్యాకింగ్, ఆయిల్ ప్రెషర్ స్విచ్, ఫిల్టర్ కూర్చునే చోటు, ఛాంబర్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) ప్యాకింగ్, డ్రెయిన్ బోల్టు వాషర్. ఇవన్నీ చిన్న ఖర్చులు. ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య నుంచి కారితే అది వెనక క్రాంక్ సీల్. దానికి గేర్‌బాక్స్ దింపాలి. కారడం మరీ ఎక్కువ కాకుంటే, క్లచ్ ప్లేట్ మార్చే రోజు దాకా ఆగి రెండూ ఒకేసారి చేయించుకోండి, కూలి కలిసొస్తుంది. వెతకడం కింది నుంచి కాకుండా పైనుంచి మొదలుపెట్టాలి. ట్యాపెట్ కవర్ దగ్గర కారింది గాలికి వెనక్కి పాకి ఛాంబర్ మీద కనిపిస్తే, ఛాంబర్ ప్యాకింగ్ మార్చి పైసలు తీసుకున్న షెడ్లు లేకపోలేదు.

పొగ చూసి చెప్పొచ్చా?

చాలావరకు చెప్పొచ్చు. రంగు కంటే ఎప్పుడు వస్తుందో చూడాలి.

రాత్రంతా నిలబడ్డ బండి పొద్దున సెల్ఫ్ కొట్టగానే ఒక గుప్పెడు నీలం పొగ వదిలి, నిమిషంలో ఆగిపోతే అది వాల్వ్ సీళ్ల (వాల్వ్ కాడల వెంట ఆయిల్ దిగకుండా ఆపే రబ్బర్ల) పని. రాత్రి వాల్వ్ కాడల వెంట ఆయిల్ కిందికి జారి కూర్చుంటుంది, పొద్దున అది కాలుతుంది. వేగంగా పోతూ యాక్సిలరేటర్ వదిలేసి, గేర్‌లోనే కాసేపు దొర్లించి, మళ్లీ తొక్కినప్పుడు వెనక నీలం పొగ లేస్తే అదీ వాల్వ్ సీళ్లు లేదా గైడ్లే (వాల్వ్ కాడలు ఆడే గొట్టాలు). యాక్సిలరేటర్ వదిలినప్పుడు ఇన్‌టేక్‌లో (గాలి లోపలికి పోయే దారిలో) పీల్చుడు బాగా పెరిగి ఆయిల్‌ను లోపలికి గుంజుతుంది. లోడ్ మీద, ఎత్తు ఎక్కేటప్పుడు, తొక్కినంతసేపూ పొగ వస్తూనే ఉంటే రింగుల మీద అనుమానం పెట్టుకోవాలి.

నల్ల పొగ ఆయిల్‌ది కాదు, డీజిల్ లేదా పెట్రోల్ ఎక్కువై సరిగా కాలకపోవడం. తెల్ల పొగ చలికాలం పొద్దున వస్తే ఆవిరి. ఎండాకాలం మధ్యాహ్నం కూడా ఆగకుండా వస్తూ కూలెంట్ తగ్గుతుంటే హెడ్ ప్యాకింగ్ చూపించండి. ఆయిల్ క్యాప్ కింద పాలు ఎక్కువైన చాయ్ రంగులో గుజ్జు కనిపిస్తే కూలెంట్ ఆయిల్‌లో కలుస్తోందేమో, తేలిగ్గా తీసుకోవద్దు. కాకపోతే ఊళ్లో రెండేసి కిలోమీటర్లు మాత్రమే తిరిగే బండికి చలికాలంలో క్యాప్ దగ్గర కొంచెం ఆ రంగు వస్తుంది, అది తడి.

పొగ లేదు, లీకేజీ లేదు, ఆయిల్ మాత్రం తగ్గుతాంది. ఎటు పోతాంది?

సైలెన్సర్ లోంచే పోతోంది, మీకు కనిపించడం లేదంతే. ఇప్పటి కార్లలో కేటలిటిక్ కన్వర్టర్ చాలా పొగను మాయం చేస్తుంది. 1,000 కిలోమీటర్లకు 300 మిల్లీలీటర్లు కాలినా కంటికి ఆనదు. దీనికో మూల్యం ఉంది: ఆయిల్‌లో ఉండే భాస్వరం లాంటివి కన్వర్టర్‌ను మెల్లగా చంపుతాయి, డీజిల్‌లో అయితే బూడిద డీపీఎఫ్‌ను (పొగలోని మసిని పట్టే ఫిల్టర్‌ను) నింపుతుంది. ప్లగ్గులు విప్పి చూడండి. ఒక ప్లగ్గు మాత్రమే నల్లగా, తడిగా, జిడ్డుగా ఉంటే ఆ సిలిండర్‌లోనే ఉంది రోగం.

మీరు చెప్పిన ఆ తప్పు కథ ఏంది?

పదేళ్ల పైమాట. పర్కాల నుంచి ఒక టీచర్ గారు పెట్రోల్ కారు తెచ్చారు. 1,000 కిలోమీటర్లకు ముప్పావు లీటరు తాగుతోంది, పొగ ఉంది, క్యాప్ తీస్తే కింది నుంచి గాలి తన్నుతోంది. మా భాషలో బ్యాక్ కంప్రెషన్. "రింగులు" అన్నాను. ఆయన సరే అన్నారు. ఇంజిన్ దింపి విప్పితే బోర్‌లో హోనింగ్ గీతలు (ఆయిల్ నిలవడానికి గోడ మీద గీసే సన్నటి గీతలు) కొత్తవాటిలా ఉన్నాయి. రింగుల గ్యాప్ కొలిస్తే లిమిట్ లోపలే ఉంది. మళ్లీ అన్నీ బిగించేటప్పుడు చేతికొచ్చింది పీసీవీ వాల్వ్. ఊపితే చప్పుడు లేదు, మడ్డితో బిగుసుకుపోయింది. దాని ఖరీదు ఆ రోజుల్లో రెండొందల రూపాయల లోపే. కూలి నేను తీసుకోలేదు, ప్యాకింగ్ కిట్ పైసలు ఆయన ఇచ్చారు. ఇప్పటికీ బండి మా దగ్గరికే తెస్తారు, వచ్చినప్పుడల్లా "పీసీవీ చూసినవా?" అని నవ్వుతారు.

ఆ పీసీవీ అంత పని చేస్తదా?

చేస్తుంది. రింగుల పక్కనుంచి కొంచెం గ్యాస్ ఎప్పుడూ కిందికి జారుతుంది. దాన్ని ఛాంబర్‌లో పేరుకోకుండా ఇన్‌టేక్‌లోకి పంపేది పీసీవీ. మూసుకుపోతే లోపల ప్రెషర్ పెరిగి సీళ్ల దగ్గర ఆయిల్‌ను బయటికి తోస్తుంది, రింగుల మీదుగా పైకి ఎక్కిస్తుంది. తెరుచుకుని ఉండిపోతే ఆయిల్ ఆవిరినంతా ఇంజిన్ పీల్చేస్తుంది. కొన్ని బండ్లలో ట్యాపెట్ కవర్‌లోనే రబ్బరు పొర ఉంటుంది, అది చిరిగితే కవర్ మొత్తం మార్చాలి.

ఇంట్లోనే చూసుకోవచ్చు. బండి ఐడిల్‌లో ఉండగా ఆయిల్ క్యాప్ వదులు చేసి పైన పల్చటి ప్లాస్టిక్ కవర్ పెట్టండి. కొంచెం లోపలికి గుంజితే మంచిది. ఉబ్బి లేస్తే పైపులు, పీసీవీ శుభ్రం చేయించి మళ్లీ చూడండి. క్యాప్ తియ్యనీయనంత బలంగా పీలిస్తే ఆ రబ్బరు పొర చిరిగిందని అనుమానించాలి.

రింగులా, వాల్వ్ సీళ్లా? విప్పకుండా ఎట్ల తెలుస్తది?

కంప్రెషన్ గేజ్‌తో. ప్లగ్గులన్నీ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, ఒక్కో సిలిండర్‌కు నాలుగైదు తిప్పులు సెల్ఫ్ కొడతాం. చాలా పెట్రోల్ ఇంజిన్లలో 150 నుంచి 200 పీఎస్ఐ మధ్య వస్తుంది. అసలు అంకె కన్నా సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. అన్నీ 170 చూపిస్తుంటే ఒకటి 120 చూపిస్తే దొంగ దొరికినట్టే. తక్కువ వచ్చిన దాంట్లో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ కొడతాం. ముల్లు బాగా లేస్తే రింగులో బోరో. లేవకుంటే వాల్వ్‌లు సరిగా కూర్చోవడం లేదని, లేదా హెడ్ ప్యాకింగ్ పోయిందని అర్థం.

ఇక్కడ చాలామంది మెకానిక్‌లు కూడా పొరబడే మెలిక ఒకటుంది. కంప్రెషన్ బ్రహ్మాండంగా ఉండి కూడా ఇంజిన్ ఆయిల్ తాగొచ్చు. పిస్టన్‌కు పై రెండు రింగులు గ్యాస్‌ను ఆపేవి. మూడోది ఆయిల్‌ను గోడ మీద నుంచి గీకి కిందికి పంపేది. దాని వెనక పిస్టన్‌లో చిన్న రంధ్రాలుంటాయి. ఆయిల్ ఆలస్యంగా మార్చే బండ్లలో ఆ రంధ్రాల్లో కార్బన్ గడ్డకట్టి మూడో రింగు అతుక్కుపోతుంది. గేజ్ ముల్లు బాగానే లేస్తుంది, ఆయిల్ మాత్రం పోతూనే ఉంటుంది. వాల్వ్ సీళ్లు మార్చినా తాగడం ఆగలేదని వచ్చే బండ్లలో మాకు ఎక్కువగా కనిపించేది ఇదే.

అతుక్కున్న రింగును విప్పకుండా వదిలించొచ్చా?

కొన్నిసార్లు. ప్లగ్గు రంధ్రంలోంచి కార్బన్ కరిగించే మందు పోసి, పిస్టన్లు అన్నీ మధ్యలో ఉండేలా తిప్పి రాత్రంతా నానబెడతాం. పొద్దున మిగిలింది పీల్చేసి, ప్లగ్గులు తీసి ఉంచే సెల్ఫ్ కొట్టి, ఆ తర్వాత ఆయిల్, ఫిల్టర్ మార్చేస్తాం. లోపల ద్రవం ఉండగా ప్లగ్గులు బిగించి స్టార్ట్ చేస్తే కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది, కాబట్టి ఇంట్లో ప్రయోగాలు వద్దు. తర్వాత రెండుసార్లు 3,000 కిలోమీటర్లకే మంచి ఆయిల్ మార్చి, కొలత రాసుకోవాలి. కొన్ని బండ్లలో తాగుడు సగానికి దిగింది, కొన్నింట్లో ఏ తేడా లేదు. హాఫ్ ఇంజిన్ ఖర్చు ముందు ఇది ఒకసారి చేసి చూడదగ్గ పనే.

ఊళ్లె తిరిగితే తగ్గలే. హైదరాబాద్ పోయొచ్చేసరికి ఒక్కసారి దిగింది. ఎందుకు?

ఈ ప్రశ్న నాకు ఇష్టం. చౌరస్తా నుంచి ఆఫీసుకు, ఆఫీసు నుంచి ఇంటికి తిరిగే బండిలో ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు. కాలని పెట్రోల్ కొంచెం కొంచెం ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ తగ్గుతున్నా పెట్రోల్ దాని జాగా నింపుతుంది కాబట్టి గేజ్ కదలదు. హైవే మీద రానూపోనూ 300 కిలోమీటర్లు తోలితే ఆయిల్ బాగా కాగి, ఆ పెట్రోల్ ఆవిరైపోతుంది. ఇన్నాళ్లూ దాగిన లోటు ఒక్కరోజులో బయటపడుతుంది. హైవే మీద తాగిందని కాదు, అంతకు ముందే తాగింది.

డీజిల్ కారుకు ఆయిల్ తగ్గుడు కాదు, పెరుగుతాంది!

బీఎస్6 డీజిల్‌లో డీపీఎఫ్ తనను తాను కాల్చి శుభ్రం చేసుకునేటప్పుడు ఇంజిన్ ఎక్కువ డీజిల్ పోస్తుంది. ఆ పని మధ్యలోనే బండి ఆపేస్తుంటే ఆ డీజిల్ ఛాంబర్‌లోకి దిగుతుంది. పల్చబడ్డ ఆయిల్ బేరింగులను తింటుంది. పై గీత దాటితే నడపొద్దు, ఆయిల్ మార్చండి. వారానికోసారి అరగంట హైవే మీద తోలితే ఈ బాధ చాలావరకు ఉండదు.

టర్బో పైపు విప్పితే ఆయిల్ ఉంది. టర్బో పోయిందంటాండ్రు.

తొందరపడొద్దు. ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లబరిచేది) పైపులో పల్చటి జిడ్డు మామూలే, అది బ్రీదర్ (ఇంజిన్ లోపలి గ్యాస్ బయటికి పోయే పైపు) నుంచి వచ్చే ఆయిల్ ఆవిరి. పైపు వంచితే ధారగా కారితే అప్పుడు ఆలోచించాలి. అప్పుడు కూడా ముందు టర్బో నుంచి ఛాంబర్‌కు దిగే డ్రెయిన్ పైపు మడ్డితో మూసుకుపోయిందేమో, ఆయిల్ పై గీత దాటి పోశారేమో చూడాలి. డబ్బాలో మిగిలింది ఎందుకు వృథా అని మొత్తం వంపేసేవాళ్లు మనలో తక్కువేం లేరు. ఆ తర్వాత టర్బో షాఫ్టును వేళ్లతో ఆడించి చూడాలి. ముందుకు వెనక్కి ఆడినా, చక్రం రెక్కలు గోడకు రాసినట్టున్నా టర్బో మార్చాల్సిందే.

మా దిక్కు ఎండకు, దుమ్ముకు ఆయిల్ ఎక్కువ తాగుతదా?

ఎండ కన్నా దుమ్ము ప్రమాదం. కరీంనగర్ గ్రానైట్ క్వారీల పక్కన, భూపాలపల్లి, గోదావరిఖని బొగ్గు రోడ్ల మీద తిరిగే బండ్లు చూస్తే తెలుస్తుంది. రాతి దుమ్ము బోర్‌లోకి పోతే గరుకు కాగితంతో రుద్దినట్టే. ఎయిర్ ఫిల్టర్‌ను కంప్రెసర్‌తో గట్టిగా గాలి కొట్టి కొట్టి వాడితే కాగితానికి కంటికి కనిపించని చిల్లులు పడతాయి. ఫిల్టర్ తర్వాత పైపు లోపల వేలు పెట్టి చూడండి. వేలికి దుమ్ము అంటితే మీ ఇంజిన్ దుమ్ము తింటోంది.

ఎండ విషయానికొస్తే, 44 డిగ్రీల మే నెలలో కూడా కూలెంట్ వేడిని థర్మోస్టాట్, ఫ్యాను అదుపులోనే ఉంచుతాయి. రేడియేటర్ ఫ్యాను పనిచేయక ఇంజిన్ ఒక్కసారి బాయిల్ అయిందా, కథ మారుతుంది. రింగుల బిగువు తగ్గుతుంది, వాల్వ్ సీళ్ల రబ్బరు గట్టిపడుతుంది. "ఎండాకాలం నుంచి తాగుతాంది" అన్నవాళ్లను నేను అడిగేది ఇదే: మధ్యలో ఎప్పుడైనా బాయిల్ అయిందా?

చిక్కటి ఆయిల్ పోస్తే సరిపోదా? మందు డబ్బాలు కూడ అమ్ముతాండ్రు.

మాన్యువల్‌లో 5డబ్ల్యూ-30తో పాటు అంతకన్నా కాస్త చిక్కటి 5డబ్ల్యూ-40 కూడా ఒప్పుకుంటే, పాత బండికి అది పోయడం తప్పు కాదు. తాగుడు కాస్త తగ్గుతుంది. పల్చటి 0డబ్ల్యూ-20 అడిగే ఇంజిన్‌లో బాగా చిక్కటి 20డబ్ల్యూ-50 పోస్తే మాత్రం పొద్దున స్టార్టింగులో ఆయిల్ పైకి చేరేసరికి ఆలస్యమవుతుంది, వాల్వ్ టైమింగ్ మార్చే భాగాలు మొరాయిస్తాయి. మందు డబ్బాల్లో రబ్బరును కొంచెం మెత్తబరిచేవి వాల్వ్ సీళ్లకు ఓ ఆరు నెలలు పనికొస్తాయి. అరిగిన బోర్‌ను ఏ మందూ పూడ్చదు. బండి అమ్మే ముందు చిక్కటి ఆయిల్ పోసి పొగ దాచేవాళ్లున్నారు, కొనేవాళ్లు జాగ్రత్త.

వాల్వ్ సీళ్లకు హెడ్డు దింపాల్నా?

చాలా ఇంజిన్లకు అక్కర్లేదు. ప్లగ్గు రంధ్రంలోంచి గాలి నింపి వాల్వ్‌లను పైకి పట్టి ఉంచి, స్ప్రింగు తీసి సీలు మారుస్తాం. అలవాటున్న చేతికి ఒక రోజు పని. గైడ్లు వదులైతే మాత్రం హెడ్డు లేత్‌కు పోవాల్సిందే. వదులు గైడ్ మీద కొత్త సీలు ఎక్కువ కాలం నిలవదు.

హాఫ్ ఇంజిన్ తప్పదంటే ఏం చూసుకోవాలె?

బోర్ గేజ్‌తో కొలిచిన అంకెలు కాగితం మీద అడగండి. బోర్ పైన ఎంత, కింద ఎంత, అడ్డం ఎంత, పొడవు ఎంత అని. తేడా కంపెనీ లిమిట్ లోపల ఉంటే హోనింగ్ చేసి స్టాండర్డ్ రింగులు సరిపోతాయి. దాటితే బోర్ కొట్టించి ఓవర్‌సైజ్ పిస్టన్లు వెయ్యాలి, లేదా స్లీవ్‌లు (బోర్‌లో దించే కొత్త గొట్టాలు) వెయ్యాలి. కొలవకుండా అరిగిన బోర్‌లో కొత్త రింగులు వేస్తే మూడు నెలలకు మళ్లీ మొదటికే వస్తుంది. రింగుల మీద మార్కు ఉన్న వైపు పైకి ఉండాలి, గ్యాప్‌లన్నీ ఒకే వరుసలో రాకూడదు. పాత భాగాలు మీ చేతికి ఇమ్మనండి. మంచి మెకానిక్ అడగకముందే చూపిస్తాడు.

తర్వాత మొదటి 1,000 కిలోమీటర్లు గంటలు గంటలు ఐడిల్‌లో పెట్టొద్దు, ఒకే వేగంతో కూడా తోలొద్దు. రింగులు బోర్‌కు అలవాటు పడాలంటే కొంచెం లోడ్ కావాలి. 500 నుంచి 1,000 మధ్య మొదటి ఆయిల్ మార్చెయ్యండి.

బాగు చేయించకుండా పోసుకుంట తిరిగితే?

పాత బండికి అదే తెలివైన పని కావొచ్చు. నెలకు 1,000 కిలోమీటర్లు తిరిగి 300 మిల్లీలీటర్లు తాగే బండికి నెలకు అయ్యేది రెండు వందల చిల్లర. హాఫ్ ఇంజిన్ ఖర్చు అంతా కలిపితే ఆ డబ్బుతో కొన్నేళ్లు పోసుకోవచ్చు. షరతు ఒక్కటే: 500 కిలోమీటర్లకోసారి గేజ్ చూడాలి, డిక్కీలో లీటరు డబ్బా ఉండాలి. తాగే ఇంజిన్ చాలా కాలం బతుకుతుంది, ఆయిల్ లేని ఇంజిన్ మాత్రం నిమిషాల్లో సీజ్ అవుతుంది. బీఎస్6 బండికి ఈ సలహా పూర్తిగా వర్తించదు, కన్వర్టర్ ఖర్చు నెత్తిన పడుతుంది.

ఎర్ర లైటు వెలగలే కదా, ఆయిల్ ఉన్నట్టే కదా?

కాదు! చాలా కార్లలో అది ప్రెషర్ లైటు. లెవెల్‌తో దానికి పని లేదు. అది వెలిగేసరికి ఛాంబర్ అడుగంటి ఉంటుంది. మలుపులో, బ్రేకు కొట్టినప్పుడు ఒక్క క్షణం మిణుకుమంటే అదే ఆఖరి కబురు. నిలకడగా వెలిగితే జనగామ ఇంకా ఐదు కిలోమీటర్లే కదా అనుకోకుండా అక్కడే ఇంజిన్ ఆపండి.

వారంటీలో ఉన్న బండి తాగుతాంది. షోరూంలో "మామూలే" అంటాండ్రు.

జాబ్ కార్డు మీద ఫిర్యాదు రాయించండి, నోటితో చెప్పి ఊరుకోవద్దు. ఆయిల్ వాడకం పరీక్ష చెయ్యమని అడగండి: వాళ్లే నింపి సీల్ వేసి, 1,000 కిలోమీటర్ల తర్వాత వాళ్లే కొలుస్తారు. మీ నోటుబుక్కు అక్కడ పనికొస్తుంది.

దింపిన పాత ఆయిల్ ఏం చెయ్యాలె?

మోరీలో పొయ్యొద్దు. మా దగ్గర కొనుక్కుపోయేవాళ్లు వస్తారు, సెంట్రింగ్ చెక్కలకు రాసేవాళ్లు కూడా అడుగుతారు. ఇచ్చే ముందు మాత్రం లీటరు మగ్గుతో కొలవండి. 3.5 లీటర్లు పోసిన చోట ఫిల్టర్‌తో కలిపి 2.8 దిగితే, తగ్గిన 0.7 లీటరుకు మధ్యలో పోసుకున్నది కలిపి నోటుబుక్కులో రాసుకోండి.